ఇంట్లో డాక్టరుండగా

"ఇంట్లో డాక్టరుండగా ఇంక నర్సమ్మ ఎందుకు?" అన్నాడు నాన్న, టీ గ్లాసు కింద పెడుతూ.

గువ్వకి మెడికల్ కాలేజీలో సీటు వచ్చిన మర్నాడు అన్న మాట అది. అందరికీ పంచగా మిగిలిన మిఠాయి ఇంకా డబ్బాలోనే ఉంది. గువ్వ పెరట్లో కూర్చుని నాన్నమ్మ దుప్పటి ఉతుకుతోంది. నాన్న సరదాకి అన్నాడనుకుని తనూ నవ్వింది. సాయంత్రానికి గాని తెలియలేదు, అది సరదా కాదని. మంచం పట్టిన నాన్నమ్మ నడుం కింద పడిన పుండుకి రోజూ వచ్చి కట్టు మార్చే నర్సమ్మకి నాన్న ఫోన్ చేసి, "మా అమ్మాయి డాక్టరైపోయిందమ్మా, ఇంక మీకెందుకు శ్రమ" అని చెప్పేశాడు. ఆ చెప్పడం ఎంత గట్టిగా చెప్పాడంటే, ఫోన్ లేకపోయినా నర్సమ్మకి వినబడేదేమో.

గువ్వ ఆమె అసలు పేరు కాదు. గువ్వలా ముడుచుకుని ఓ మూల కూర్చుంటుందని నాన్నమ్మ పెట్టిన పిలుపు. ఊళ్ళో బడిలో చదివినన్నాళ్ళూ జవాబు తెలిసినా చెయ్యి ఎత్తేది కాదు. పేరు పిలిచినప్పుడు పలికే పలుకు కూడా పక్క బెంచీ దాటేది కాదు. "ఒసే, ఆపరేషను చేసి బయటికొచ్చి కూడా ఇలాగే గొణుగుతావా? లోపలివాడు బతికాడో పోయాడో తెలియక చుట్టాలు అక్కడే పడి చస్తారు" అని అన్నయ్య వేళాకోళం. అందరూ నవ్వారు. గువ్వా నవ్వింది. నవ్వడం తప్ప ఆ ఇంట్లో ఆమెకి ఇంకో జవాబు అలవాటు లేదు.

సీటు వచ్చిందని తెలిసింది మొదలు ఇంటికి రోగాలు నడిచి రాసాగాయి. పక్కింటి మామ్మ నాలుక బయటపెట్టి చూడమంది. ఎదురింటి బస్సు డ్రైవరు, "మోకాలు టకటకమంటోంది డాక్టరమ్మా, విను" అంటూ గుమ్మంలోనే గుంజీలు తీశాడు. గువ్వకి ఏం చెప్పాలో తోచక, "కాస్త విశ్రాంతి తీసుకోండి" అనేది. ఆ మాటకే వాళ్ళు తలలూపి, ఎంత బాగా చెప్పింది, చదువంటే అదీ అనుకుంటూ వెళ్ళేవారు. వాళ్ళటు వెళ్ళగానే గువ్వకి చెమటలు పట్టేవి. ఇంకా కాలేజీ గుమ్మమైనా తొక్కలేదు. తెల్లకోటు కుట్టించి తెచ్చి బీరువాలో పెట్టారు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఒకసారి వేసుకుని అద్దంలో చూసుకుంది. వేరే ఎవరి కోటో దొంగతనంగా తొడుక్కున్నట్టు అనిపించి, గుండీ పెట్టకుండానే విప్పేసింది. శవాన్ని చూసి కళ్ళు తిరిగి పడిపోతే? ఆ పాఠాలు అర్థం కాకపోతే? పట్నంలో పెద్ద బళ్ళలో చదివిన పిల్లలు గలగలా మాట్లాడుతుంటే తన గొంతు పెగలకపోతే? అసలు ఆ సీటు తనకి పొరపాటున వచ్చిందేమో, ఎవరో ఒకరోజు తలుపు తట్టి "పొరపాటమ్మా, ఇచ్చెయ్యి" అంటారేమో. ఈ భయాలన్నీ ఎవరితోనైనా చెప్పుకుందామంటే ఎలా? డాక్టరుకి భయమేస్తుందంటే వినేవాళ్ళెవరు?

వాటన్నిటికంటే పెద్ద భయం నాన్నమ్మ నడుం కింద ఉంది.

నర్సమ్మ కట్టు మారుస్తుంటే గువ్వ పక్కన నిలబడి చాలాసార్లు చూసింది. కాని చూడటం వేరు, చెయ్యడం వేరు. మొదటిరోజే పాత గుడ్డ పుండుకి అతుక్కుపోయి ఊడిరాలేదు. లాగింది. నాన్నమ్మ అరవలేదు, దిండు అంచు పళ్ళతో కరిచిపట్టుకుంది. ఆ తర్వాత నుంచి తడిపి తీయడం నేర్చుకుంది గాని, పుండు మాత్రం నర్సమ్మ చేతిలో ఉన్నట్టు ఉండటం లేదు. అంచు ఒకవైపు నల్లబడింది. వాసన మారింది. ఇది మానడమా, ముదరడమా? అమ్మని అడిగితే "నాకేం తెలుసు తల్లీ, నీకే తెలియాలి" అంది. అన్నయ్యని అడిగితే, ఫోన్లోంచి తలెత్తకుండా "నెట్‌లో కొట్టి చూడు, బొమ్మలతో సహా వస్తుంది" అన్నాడు. చూసింది. ఆ బొమ్మలు చూశాక రెండు ముద్దలు కూడా దిగలేదు. నాన్న మాత్రం రోజూ నాన్నమ్మ గది గడప అవతలే నిలబడి "ఏమ్మా డాక్టరూ, మీ పేషంటు ఎలా ఉంది?" అని అడిగి, జవాబు వినేలోగా చెప్పులు తొడుక్కునేవాడు. "బాగానే ఉంది నాన్నా" అనేది గువ్వ. ఆ అబద్ధం నాలుక మీద చేదుగా ఉండేది. అయినా రేపటికి బాగుపడుతుందిలే, అప్పుడిది అబద్ధం కాకుండా పోతుందిలే అనుకునేది.

హాస్టలు మాట వచ్చినప్పుడు కూడా నాన్న అంత తేలిగ్గానే తేల్చేశాడు. "రెండు బస్సులు మారితే కాలేజీ. తెల్లారి వెళ్తే చీకటి పడేసరికి ఇంట్లో ఉంటావు. మీ నాన్నమ్మకి నీ చెయ్యి అలవాటైపోయింది. నువ్వు హాస్టల్లో కూర్చుంటే ఈవిడ గతేంటి?" అన్నాడు. ఎవరి అమ్మ గురించో మాట్లాడుతున్నట్టు ఉంది ఆ అడగడం. అన్నయ్య చదువుకునేటప్పుడు, ఇంట్లో గోలకి బుర్ర పనిచెయ్యదని వాణ్ణి హాస్టల్లో వేశారు. అక్కడ ఉండి కూడా వాడి బుర్ర ఏం పనిచేసిందో ఎవరూ అడగలేదు, అది వేరే సంగతి.

అమ్మ బట్టల కంపెనీలో రోజంతా మిషను ముందు కూర్చుని చొక్కాలకి కాలర్లు కుడుతుంది. ఇంటికొచ్చి చేతిసంచీ గోడకి తగిలించి, మొహమైనా కడుక్కోకుండా నాన్నమ్మ మంచం దగ్గరికి వెళ్తుంది. అటువైపు అమ్మ, ఇటువైపు గువ్వ. నాన్నమ్మ కింద పరిచిన దుప్పటిని చెరో కొసా పట్టుకుని, "ఊఁ" అనుకుని ఒక్కసారి లాగి పక్కకి తిప్పుతారు. నాన్నమ్మ బాత్రూంలో జారిపడి తుంటి విరిగిన దగ్గర్నుంచి అదే వరస. గువ్వకి నిద్రలో కూడా ఆ మంచమే కనిపించేది. తను వెళ్ళిపోతే ఇటువైపు ఎవరుంటారు? అమ్మ అటు ఒకసారి, ఇటు ఒకసారి పరుగెడుతుందా? అమ్మ నడుం అసలే అంతంతమాత్రం. నా చదువు కోసం అమ్మ నడుం విరగ్గొట్టనా? ఆలోచన అక్కడిదాకా వచ్చి ఆగిపోయేది. గానుగెద్దులా మళ్ళీ మొదటికే.

కాలేజీలో చేరే రోజు నాన్న వెంట వచ్చాడు. హాలు బయట బెంచీ మీద తక్కిన తండ్రుల పక్కన కూర్చుని, లోపలికి వెళ్తున్న గువ్వకి వినబడేలా "మా అమ్మాయి అప్పుడే ఇంట్లో వైద్యం మొదలెట్టేసిందండీ" అంటున్నాడు.

లోపల గువ్వ చివరి వరసలో కూర్చుంది. పక్కన కూర్చున్న ఉంగరాల జుట్టు పిల్ల తనంతట తనే పలకరించింది. "హాస్టల్లో నీ గది ఏ అంతస్తు?"

"నేను ఇంటి నుంచి వస్తాను. రెండు బస్సులు మారి."

"అమ్మో! మరి చదవడం ఎప్పుడు?"

"బస్సులో" అంది గువ్వ. ఆ పిల్ల అది జోకనుకుని పకపకా నవ్వింది.

పాఠాలు చెప్పే డాక్టరమ్మ వేదిక ఎక్కి, నెరిసిన జుట్టు చెవి వెనక్కి తోసుకుని అడిగింది. "ఇళ్ళలో అప్పుడే ఎంతమందికి వైద్యం చేసేశారు? చేతులెత్తండి చూద్దాం." హాలంతా నవ్వులు. చేతులు లేచాయి. ఉంగరాల జుట్టు పిల్ల రెండు చేతులూ ఎత్తి, "మా మావయ్య నా చేత గుండె స్కాను చదివించాడు! నేను చూసి, బాగుంది మావయ్యా అన్నాను!" అంది. మళ్ళీ నవ్వులు. గువ్వకి నవ్వు రాలేదు.

అందరూ లేచి వెళ్తున్నా గువ్వ బయటికి వెళ్ళలేదు. తలుపు దాకా వెళ్ళింది, వెనక్కి వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. చివరికి డాక్టరమ్మ సంచీ సర్దుకుంటుంటే ఎదురుగా వెళ్ళి నిలబడింది. మాట ఎలా మొదలుపెట్టిందో తర్వాత ఆమెకే గుర్తులేదు. డాక్టరమ్మ మాత్రం సంచీ కింద పెట్టి విన్నది.

"నల్లబడిందా? వాసన కూడా వస్తోందా? అయితే ఇవాళే ఎవరికైనా చూపించాలి, రేపటిదాకా ఆగొద్దు. ఇప్పుడు కట్టు ఎవరు కడుతున్నారు?"

"నేనే మేడమ్."

"నువ్వెందుకు? ఇంట్లో ఇంకెవరూ లేరా?"

"లేరు మేడమ్" అంది గువ్వ.

బయటికి వస్తే బెంచీ మీద నాన్న. ఆరోగ్యంగా, నిటారుగా, పల్లీలు నములుతూ. "అయిపోయిందా తల్లీ?" అంటూ లేచాడు. గువ్వ అక్కడే ఆగిపోయింది. లేరు అనేసిందేమిటి తను? అబద్ధమాడాలనుకోలేదు. అడిగిన క్షణంలో నిజంగానే ఎవరూ గుర్తు రాలేదు. ఇల్లు కళ్ళముందుకొచ్చింది. మంచం, నాన్నమ్మ, అటు అమ్మ, ఇటు తను. అంతే. నాన్న, అన్నయ్య ఆ ఇంట్లోనే తింటారు, పడుకుంటారు, తలనొప్పి వస్తే పిలిచి చెబుతారు. అయినా లెక్కలోకి రాలేదు. వాళ్ళు రాకపోవడం కాదు, తనే వాళ్ళని ఏనాడూ లెక్కలోకి పిలవలేదు. అమ్మ నడుం గురించి అంత కుమిలిపోయింది గదా, ఆ మంచానికి రెండోవైపు నాన్నని నిలబెట్టి చూడాలని ఒక్కనాడైనా తోచలేదేం? అన్నయ్యని ఊహించుకోవడానికైనా చేతకాలేదేం? బస్సు కుదుపులకి తల కిటికీకి కొట్టుకుంటున్నా గువ్వ అదే ఆలోచిస్తూ కూర్చుంది. పక్క సీట్లో నాన్న హాయిగా గురకపెట్టాడు.

ఇంటికి చేరగానే చెప్పులైనా విప్పకుండా నర్సమ్మకి ఫోన్ చేసింది.

"అదేంటమ్మా, మీ ఇంట్లో డాక్టరున్నారుగా!" అంది నర్సమ్మ. గొంతులో కాస్త కారం ఉంది.

"లేరండీ" అంది గువ్వ. "నాకు కట్టు కట్టడం రాదు. పుండు నల్లబడింది. నేను ఎవరికీ చెప్పలేదు. మీరు ఇప్పుడే రాగలరా?"

"వస్తున్నా. పెద్దావిణ్ణి వెల్లకిలా ఉంచకండి, పక్కకి తిప్పి పెట్టండి" అంది నర్సమ్మ, ఈసారి కారం లేకుండా.

నాన్న చొక్కా గుండీలు విప్పుకుంటున్నవాడల్లా ఆగిపోయాడు. "రాదని చెప్పడమేంటే? ఇందాకేగా కాలేజీలో అందరికీ చెప్పాను! పరువు పోదూ?"

"నిజంగా రాదు నాన్నా."

"ఆడపిల్లవి, ఆ మాత్రం కట్టు కట్టడం కూడా రాదా? పైగా డాక్టరు చదువు!"

అమ్మ అప్పుడే పని నుంచి వచ్చి, చేతిసంచీ గోడకి తగిలించి మంచం దగ్గరికి వచ్చింది. కట్టు కొంచెం తప్పించి చూసి, పెదవి కొరుక్కుని, దుప్పటి కొస పట్టుకుని గువ్వ కోసం చూసింది. గువ్వ తన వైపు కొస అందుకోలేదు.

"నాన్నా, ఇటు రా. పట్టుకో."

"నేనా? నాకు రాదే అమ్మలూ" అన్నాడు నాన్న, అదేదో ముద్దు మాటలా.

గువ్వ తండ్రి మొహంలోకి చూసింది. రాదు. ఇప్పుడే తనూ అదే మాట అంది. తను అంటే పరువు పోయింది. నాన్న అంటే పని తప్పిపోతుంది. అన్నయ్యకి అన్నం వడ్డించుకోవడం రాదు, నాన్నకి తన తల్లిని తాకడం రాదు, ఆ రాకపోవడాల మీద వాళ్ళు హాయిగా కాళ్ళు చాపుకుని బతుకుతున్నారు. అమ్మకి, తనకి మాత్రం పుట్టుకతోనే అన్నీ వచ్చుండాలి. గువ్వ నోరు తెరిచింది.

"నాకూ పుట్టగానే రాలేదు నాన్నా. అమ్మకీ రాలేదు. నేను హాస్టల్లో చేరుతున్నాను. రేపు వెళ్ళి గది అడుగుతాను. వెళ్ళేలోగా నువ్వూ అన్నయ్యా నేర్చుకోవాలి."

ఈసారి ఆమె మాట పక్క గది దాకా వినబడింది. అన్నయ్య ఫోన్ పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. "ఏంటే, ఏమైంది?" నాన్న అమ్మ వైపు తిరిగాడు. "వింటున్నావా దీని మాటలు? వెళ్ళిపోతుందట! నీ నడుం సంగతి దానికి అక్కర్లేదా?"

ఆ ఒక్క మాటకే గువ్వ ఇన్నాళ్ళూ భయపడింది. అమ్మ ఔనంటే? అమ్మ తన వైపు ఒక్క చూపు చూసి, ఉండిపోవే అంటే?

అమ్మ చేతిలో ఉన్న దుప్పటి కొస కిందికి వదిలేసింది. రెండు అడుగులు వెనక్కి వేసి, గోడకి ఆనుకుని నిలబడింది. "నా నడుం మీకు ఇవాళైనా గుర్తొచ్చింది, సంతోషం" అంది నాన్నతో. తర్వాత అన్నయ్యని చూసి, "ఆ ఫోన్ అక్కడ పెట్టు. నువ్వు ఇటు, ఆయన అటు. ఎలాగో నేను చెప్తాను" అంది.

బయట నర్సమ్మ స్కూటర్ ఆగిన చప్పుడైంది. ఆ చప్పుడుకి కంగారుపడ్డట్టు నాన్న గబగబా గడప దాటి లోపలికి వచ్చాడు. వంగి, దుప్పటి కొసని రెండు వేళ్ళతో ముడిచి పట్టుకున్నాడు. "గుప్పిట నిండా పట్టుకోండి, జారిపోతుంది" అంది అమ్మ. పట్టుకున్నాడు. రెండోవైపు అన్నయ్య పట్టుకున్నాడు. "ఊఁ" అంది గువ్వ.

నాన్నమ్మ పక్కకి తిరిగింది. మొహం సరిగ్గా కొడుకు మొహం ముందుకి వచ్చింది. ముసలి కళ్ళు చికిలించి ఆయన్ని కిందినుంచి పైదాకా చూసింది. సన్నటి చెయ్యి ఎత్తి ఆయన మణికట్టు పట్టుకుంది.

"ఎప్పుడొచ్చావురా నాయనా?" అంది.