ఏడోవాడు తలుపులు బాదుతాడు

"మీ మావగారు కంచాలు విసిరేవారమ్మాయ్. మావాడు తలుపేగా వేస్తాడు" అన్నారు మా అత్తగారు వెంకటరమణమ్మగారు, పెళ్ళయిన రెండో నెలలో. కందిపప్పు ఏరుతూ, నాకు ధైర్యం చెబుతున్నట్టే అన్నారు. పడకగది తలుపు పడిన చప్పుడుకి అప్పుడే నా చేతిలో గిన్నె జారిపోయింది. కారణమేమిటో ఇప్పుడు గుర్తులేదు. చొక్కా ఇస్త్రీ కావచ్చు, చారులో ఉప్పు కావచ్చు. మా ఆయన రవికాంత్ కొట్టే మనిషి కాదు. తిట్టే మనిషి కూడా కాదు. తలుపు వేస్తాడు, అంతే. తార్నాకలో అత్తగారితో కలిసి మేముండే రెండు గదుల ఫ్లాటులో గోడ మీది గడియారం కదిలేలా వేస్తాడు. తర్వాత రెండు రోజులు మాట్లాడడు. ఆ రెండు రోజులూ నేను గరిటె కూడా చప్పుడు కాకుండా పెడతాను. పన్నెండేళ్ళు ఇలాగే గడిచాయి. ఒకసారి మా అమ్మతో చెప్పబోతే "చెయ్యి చేసుకోలేదుగా?" అంది. లేదన్నాను. ఇంక ఆ సంగతి ఎవరి దగ్గరా ఎత్తలేదు.

యూనివర్సిటీ క్యాంపస్‌లో జువాలజీ విభాగానికి నేను కాంట్రాక్టు ఆర్టిస్టుని. పాఠాల చార్టుల మీద కప్ప గుండె, బొద్దింక నోరు గీస్తాను. సెమినార్లప్పుడు అందరికీ టీలు అందాయో లేదో చూడమని కూడా నాకే చెబుతారు, "పద్మావతి మేడం ఖాళీగానే ఉన్నారుగా" అని. అలాంటిది, నవంబరులో విదేశీ భాషల విభాగం నుంచి భాగ్య మేడం నన్ను వెతుక్కుంటూ వచ్చింది. దేశదేశాల పండగ కథలు పిల్లల కోసం తెలుగులో తెస్తున్నారట. ఐస్‌లాండ్ కథకి బొమ్మలు కావాలట.

"పదమూడుగురు అన్నదమ్ములు మేడం. కొండల్ల ఉంటరు. క్రిస్మస్ ముంగట రోజుకొక్కడు ఊర్లకు దిగుతడు. ఒకడు గరిటెలు నాకుతడు, ఒకడు గిన్నె అడుగు గీక్కొని తింటడు, ఒకడు కిటికీలకెళ్ళి తొంగి చూస్తడు. మస్తు అల్లరోళ్ళు. బొద్దింకకే గంత ప్రాణం పోసిన్రు మీరు, వీళ్ళొక లెక్కనా."

రోజూ పొద్దున అయిదింటికి లేచి, అన్నం డబ్బాలు కట్టే వేళదాకా భోజనాల బల్ల మీద గీసేదాన్ని. గరిటె నాకేవాడికి కొంగ మెడ పెట్టాను. గిన్నె గీకేవాడి గోళ్ళ కింద మాడిన అన్నం పెట్టాను. "పొద్దున్నే బల్ల నిండా దయ్యాలేనా? ఇంట్లో పనంతా అయిపోయిందన్నమాట" అన్నాడు రవికాంత్. కాగితాలు తీసేశాను. వారంలో ఆరుగురు పూర్తయ్యారు.

ఏడోవాడు తలుపులు బాదేవాడు. జనం నిద్రలో ఉండగా తలుపులు దబాలున వేసి, వాళ్ళు ఉలిక్కిపడితే సంబరపడతాడు. ఆదివారం మధ్యాహ్నం మా అమ్మాయి సుధామయిని మంచం మీద కూర్చోబెట్టాను. దానికి ఎనిమిదేళ్ళు. "నువ్వు నిద్రపోతున్నావు. వాడొచ్చి తలుపు గట్టిగా వేశాడు. ఏం చేస్తావో చెయ్యి" అన్నాను.

అది ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. మోకాళ్ళు ముడుచుకుని రెండు చేతులతో చెవులు మూసుకుంది. తలుపు వైపు చూడలేదు. నా మొహం వైపు చూసింది. నేనెలా ఉన్నానో చూసి, తనెంత భయపడాలో తేల్చుకునే చూపు అది. పిల్ల నటించడం లేదు. దానికది అలవాటు.

ఉన్నది ఉన్నట్టు గీయడం తప్ప నాకు వేరే విద్య రాదు. గీసేశాను. ఆ చప్పుడంతా నా మీదే పడుతోందనీ, పిల్లకి నేను అడ్డం ఉన్నాననీ ఇన్నేళ్ళూ అనుకున్నాను. పక్క గదిలో హోంవర్కు చేసుకునే పిల్లకేం తెలుసనుకున్నాను. నేను గరిటె మెల్లిగా పెడుతుంటే, ఆ మెల్లిగా పెట్టడం చూసి అది ఏం నేర్చుకుంటోందో నాకు తట్టనే లేదు.

సోమవారం భాగ్యకి చూపించాను. "బొమ్మ మంచిగున్నది మేడం. గాని పిల్ల బాగా భయపడ్తున్నది. గిది నవ్వుకునే కథ కదా, జర నవ్వుమొహం పెట్టున్రి" అంది. ఇంటికొచ్చి మూడు కాగితాలు పాడు చేశాను. పెదాలు నవ్వితే కళ్ళు నవ్వలేదు. చివరికి సుధామయినే పిలిచి నవ్వమన్నాను.

"తలుపేసినప్పుడు నవ్వకూడదు కదమ్మా. నవ్వితే ఇంకోసారి వేస్తారు" అంది, నేను మర్చిపోయిన పాఠం గుర్తు చేస్తున్నట్టు.

ఆ సాయంత్రం రవికాంత్ వచ్చేసరికి కాగితాలు ఇంకా బల్ల మీదే ఉన్నాయి. "బల్ల ఖాళీ చెయ్యడానికి ముహూర్తం పెట్టించాలా?" అని లోపలికెళ్ళి తలుపు వేశాడు. సుధామయి చేతులు చెవుల దాకా లేచాయి. చూపు నా మీదికి వచ్చింది. దాని కోసం ఏమీ జరగనట్టు నవ్వబోయాను. నా వల్ల కాలేదు.

మర్నాడు భాగ్య గదికి వెళ్ళి, "ఏడోవాణ్ణి వదిలెయ్యండి. పన్నెండుగురితోనే పుస్తకం కానివ్వండి" అన్నాను.

ఆమె ఆ బొమ్మని మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "గీ పిల్ల ఎవరు మేడం?"

"మా అమ్మాయి."

భాగ్య కుర్చీ నా పక్కకి జరుపుకుంది. చెప్పాను. ఎవరికీ చెప్పనివన్నీ వరస లేకుండా చెప్పాను. మధ్యలో మూడు నాలుగుసార్లు "కొట్టలేదు" అన్నట్టున్నాను.

"కొట్టిండా అని నేను అడగలే కదా" అందామె. "బిడ్డను బడి నుంచి ఎన్నింటికి ఇడుస్తరు?" అంది.

"మూడున్నరకి."

"వారాసిగూడల మా ఇంట్ల అమ్మ, నేను ఇద్దరమే ఉంటం. ఒక అర్ర ఖాళీగనే ఉన్నది. కొన్ని రోజులుండున్రి. ఎన్క సంగతి ఎన్క చూద్దాం."

మూడున్నరకి బడి గేటు దగ్గర నిలబడ్డాను. పిల్ల ఎక్కడికని అడగకుండా ఆటో ఎక్కింది. ఆరింటికి, మేము భాగ్య ఇంట్లో ఉండగా, రవికాంత్ ఫోన్ చేశాడు. ఎక్కడున్నామో చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను.

"ఒక్కసారన్నా నీ మీద చెయ్యి చేసుకున్నానా?"

"లేదండీ."

"మరి? తలుపేశానని ఇల్లొదిలి పోయేవాళ్ళుంటారా ఎక్కడన్నా? అమ్మ ఒక్కతే ఉందిక్కడ. వంటెవరు చేస్తారు? ఎప్పుడొస్తావు?"

"తెలియదండీ. వస్తానో లేదో కూడా తెలియదు."

ఆ క్షణంలో అతని మొహం ఎలా ఉందో ఊహించుకోవాలని నాకు అనిపించలేదు.