యోనాను నమిలేసిన సంఘపెద్ద

హో అనే పట్టణంలో బట్టలు కుట్టుకుని బతికే అఫెఫా సండే స్కూలు టీచరైన నాటి నుంచి సంఘపెద్ద అగ్బెమావర్‌కి మనశ్శాంతి లేదు. పాత టీచరు హయాంలో పిల్లలు చేతులు కట్టుకుని వాక్యాలు వల్లించేవారు. ఇప్పుడు గుడి వెనక రేకుల షెడ్డు నిండా జిగురు, గుడ్డపీలికలు, కేకలు. పోయిన నెల పిల్లలు చేసిన నోవహు ఓడలోనైతే ఏనుగు కంటే ఈగ పెద్దది.

"అది దేవుడి బడా, చెత్తకుండీయా?" అని ఆయన పాస్టరుగారిని నిలదీశాడు.

"మీరే వెళ్లి చూడండి పెద్దయ్యా," అని పాస్టరుగారు తెలివిగా తప్పుకున్నారు.

ఆ ఆదివారం యోనా కథ. దేవుడు నీనెవెకి పొమ్మంటే పోనని పారిపోయిన యోనాను పెద్ద చేప మింగి, మూడు రోజుల తర్వాత ప్రాణాలతో ఒడ్డున కక్కిన కథ. నీళ్ల ప్యాకెట్ల ఖాళీ కవర్లు కడిగి, ఆరబెట్టి, చేపల్లా కత్తిరించి, అంచులు కుట్టి తెచ్చింది అఫెఫా. పిల్లలు కర్రపెండలం పిండి జిగురుతో వాటికి గుడ్డ తోకలు అంటించారు. యోనా కోసం తలా ఒక వేయించిన పల్లీ ఇచ్చి, పెన్నుతో కళ్లు గీయమంది.

"యోనాను చేప మింగాలి. మీరు కాదు. సరేనా?"

ఎదుద్జి అనే పిల్లాడు అప్పటికే తన యోనాని తినేశాడు. "వీడు నీనెవెకి పోనన్నాడు టీచరమ్మా. అందుకే!"

ఆరేళ్ల ఎసినామ్ మాత్రం తన యోనాకి గడ్డం కూడా గీసి, సిరా ఆరడానికి బల్లమీద కాగితంపై పడుకోబెట్టింది. అంతలో ఒక సందేహం వచ్చింది.

"టీచరమ్మా, మూడు రోజులు చేప కడుపులోనే ఉంటే, యోనా దొడ్డికి ఎక్కడికెళ్లాడు?"

అఫెఫా నోరు తెరిచేలోపే గుమ్మంలో చేతికర్ర టకటకలాడింది. "అడగాల్సిన ప్రశ్నేనా అది?" అంటూ అగ్బెమావర్ లోపలికొచ్చాడు.

"మీకు తెలుసా తాతయ్యా?"

తెలియదనే మాట ఆయన పుట్టి బుద్ధెరిగి అనలేదు. గొంతు సవరించుకున్నాడు. "ఉపవాసం ఉన్నాడు. తినలేదు గనక అవసరం పడలేదు."

అఫెఫా నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగింది. ఆయన పొట్టి బెంచీమీద కూలబడి, తన చిన్ననాటి బెత్తం గురించి ఉపన్యాసం మొదలెట్టాడు. మాటల మధ్యలో చెయ్యి తనంతట తాను బల్లమీదికి పాకింది. పల్లీ నోట్లో పడింది. కరకర.

"తాతయ్య నా యోనాని మింగేశాడు!" ఎసినామ్ బావురుమంది.

"మింగలేదే, నమిలాడు," అన్నాడు ఎదుద్జి. "మింగుంటే బతికొచ్చేవాడు."

తన కొలువు ఈ పూటతో సరి అనుకుంది అఫెఫా. గబగబా ఇంకో పల్లీ తీసిచ్చింది. ఎసినామ్ తోసేసింది. "వీడెవడో! యోనా ఆయన కడుపులో ఉన్నాడు!"

అగ్బెమావర్ ఆ పిల్ల కన్నీళ్ల వంక చూశాడు. భుజాలు కిందికి వాలాయి. "చూసుకోలేదు తల్లీ. తప్పయింది. ఇప్పుడేం చెయ్యమంటావ్?"

ఎసినామ్ ముక్కు తుడుచుకుంది. "మీరే చేప అవ్వండి. మమ్మల్ని కక్కండి."

ఆయన భుజాన కప్పుకున్న పెద్ద గుడ్డను పిల్లలు లాగి పరిచి, ఒక్కొక్కరే దాని కిందికి దూరారు. ఆయన మొదట "క్కె" అన్నాడు.

"అలా కాదు! గట్టిగా!"

"వ్వాక్!" అంటూ సంఘపెద్ద ఎసినామ్‌ని నీనెవె ఒడ్డున, అంటే చాపమీద, పడేశాడు. పద్నాలుగు మందినీ కక్కాడు. ఎదుద్జిని రెండుసార్లు కక్కాల్సి వచ్చింది. ఆరాధన ముగించుకుని పరుగున వచ్చిన జనం కిటికీల దగ్గర గుమికూడారు. అఫెఫా నవ్వి నవ్వి గోడకానుకుని కూర్చుండిపోయింది.

ఫిర్యాదులు ఆగిపోయాయి. కానీ సంతలో చేపలమ్మే ఆడవాళ్లు మాత్రం ఆయన్ని వదల్లేదు. "పెద్దయ్యా, ఇవాళ ఎవర్ని కక్కారు?" అని కేకేస్తారు.

"నీ మొగుణ్ణి," అని చెప్పి ఆయన నడక ఆపకుండా వెళ్లిపోతాడు.