లూజ్ రాసిన పేజీ

తప్పు మాట మీద రెండు గీతలు కొట్టి, పక్కన బియ్యపుగింజంత ఎర్ర ముద్ర వేసింది లూజ్. పొద్దుటి నుంచి అది ఐదోసారి. ఆ వృద్ధాశ్రమం దినచర్య పుస్తకంలో తప్పు రాస్తే చెరపకూడదు. కొట్టేసి, ఎవరి తప్పుకు వాళ్లు తమ పేరున్న ముద్ర వేసుకోవాలి. అందరి పేజీలూ శుభ్రంగా ఉంటాయి. లూజ్ పేజీకి తట్టు పోసినట్టుంటుంది.

ఫిలిప్పీన్స్ నుంచి జపాన్‌లోని నగోయాకు కోడలిగా వచ్చి ఇరవై మూడేళ్లయింది. మొగుడు పోయినా ఊరు వదల్లేదు. పొట్టి మనిషి, దిట్టమైన మనిషి. ముసలివాళ్లను స్నానపు తొట్టిలోకి ఎత్తి ఎత్తి మణికట్లు లావెక్కాయి. జపనీస్ గడగడా మాట్లాడుతుంది గానీ కలం పడితే ఒక్క వాక్యం తిన్నగా రాదు. అందుకే యాభై రెండేళ్ల వయసులో వ్యాకరణం మొదటి పాఠం నుంచి మొదలుపెట్టింది. పర్యవేక్షకురాలు కురోయివాకు ఇదంతా అనవసరపు అవస్థగా తోచింది. నోటితో చెబితే తానే రాస్తానంది. నెలాఖరుకి కూడా పేజీలు ఇలాగే ఉంటే రాతపని తీసేసి బట్టలుతికే గదికి పంపుతానని మొన్న తేల్చేసింది. లూజ్‌కు ఒళ్లు మండింది. తన చేతుల్లో తినీ, తాగీ, నిద్రపోయే మనుషుల సంగతి తను రాయకపోతే ఇంకెవరు రాస్తారు?

ఆమెకు పాఠం చెప్పేది ఏడో గది హిబినో. తొంభై ఒక్కేళ్లు, రైల్వేలో టికెట్లు అమ్మిన మనిషి. ఆ రోజూ స్నానం కాగానే ఆమె పాఠాల పుస్తకం ఒళ్లో పెట్టుకుని చూశాడు.

"ఇదేం వాక్యమే? ఇంజనొక చోట, పెట్టెలొక చోట."

"మీ రైళ్లెప్పుడూ ఆలస్యం కాలేదా మేష్టారూ?"

"ఎందుకు కాలేదూ? అయినా ఊరు చేరాయి. మళ్లీ రాయి."

రాసింది. ఇంకా రెండు తప్పులు. ఆయన బోసినోటితో హాయిగా నవ్వాడు. మధ్యాహ్నం మెత్తటి పండు రెండు చెంచాలు తిని చాలన్నాడు. కిటికీ తెర తియ్యమన్నాడు. తీసి వెనక్కి తిరిగేసరికి ఊపిరి లేదు.

డాక్టరు వచ్చి చూసి వెళ్లాడు. కురోయివా పుస్తకం తెరిచి తానే కలం అందుకుంది.

"లూజ్ గారూ, ఈ పేజీ వాళ్లబ్బాయి చదువుతాడు. ఇవాళొక్కరోజు నన్ను రాయనివ్వండి."

"చూసింది నేను. నేనే రాస్తాను. తప్పులకు నా ముద్ర ఉంది."

"ఆయనకు మర్యాదగా ఉండదండీ."

"నా తప్పులకు ఆయనెప్పుడూ సిగ్గుపడలేదు. సిగ్గంతా మీదే."

కలం లాక్కున్నంత పని చేసింది. కోపమూ ఏడుపూ కలిసి అక్షరాలు మసకబారుతున్నా ఆపలేదు. నాలుగు వాక్యాలు, ఏడు ముద్రలు, నలభై నిమిషాలు.

అక్కడ పోయినవాళ్లను ముందు గుమ్మం నుంచే సాగనంపుతారు. పనివాళ్లంతా వరసగా నిలబడ్డారు. అరవై దాటిన కొడుకు ఆ పేజీ నిలబడే చదివాడు. కురోయివా క్షమాపణ మొదలుపెట్టబోతే చెయ్యెత్తి ఆపి, మళ్లీ మొదటి నుంచి చదివాడు.

"తెర తియ్యమన్నారా నాన్న?"

"అవునండీ. వెలుతురు రానీ అన్నారు."

అతను నడుం వంచి ఆమెకు నమస్కరించాడు. చాలాసేపు లేవలేదు. కురోయివా పుస్తకం మూసి, రేపటి పేజీ కూడా మీరే రాయండంటూ లూజ్ చేతికిచ్చింది.

లూజ్ ఏడో గదికి వెళ్లి పక్క దుప్పటి లాగింది. దిండు ఎత్తితే కింద మడిచిన కాగితం కనిపించింది. రేపటి పాఠానికి ఆయన రాసిపెట్టిన ప్రశ్నలు, వణికే పెద్ద అక్షరాలతో. ఆరో ప్రశ్న సగంలో ఆగి ఉంది.