ఇద్దరూ వస్తేనే క్లాసు

మూడు బర్నర్ల గ్యాస్ స్టవ్ ఫొటో ఫోన్‌లో చూసిన దగ్గర్నుంచి దేవిశ్రీ కాలు ఒకచోట నిలవడం లేదు. చోడవరం చర్చి హాల్లో ఆదివారం సాయంత్రాలు ఇంటి డబ్బు గురించి క్లాసులు చెబుతారట. ఫీజు లేదు, ఏ మతం వాళ్ళయినా రావచ్చు. ఆఖరి రోజు పోటీ పెట్టి, గెలిచిన జంటకి ఆ స్టవ్ ఇస్తారట. షరతు ఒక్కటే, మొగుడూ పెళ్ళాం కలిసి రావాలి. ఒక్కరే వస్తే గుమ్మంలోంచే వెనక్కి పంపేస్తారు.

దేవిశ్రీ ఇంట్లో బెల్లం గవ్వలు, చెక్కలు, జంతికలు చేసి బస్టాండు దగ్గర కిరాణా కొట్లకు వేస్తుంది. ఉన్న స్టవ్‌కి ఒక పొయ్యి పని చెయ్యడం మానేసి చాలా కాలమైంది. భర్త దిలీప్‌ది సెల్‌ఫోన్ల రిపేరు. మెయిన్ రోడ్డులో ఒక బట్టల కొట్టు మెట్ల పక్కన ఒక అద్దాల పెట్టె, ఒక స్టూలు, అదే అతని షాపు.

"డబ్బుల్లేనోళ్ళకి డబ్బుల క్లాసేటే? ఎండిపోయిన సెరువుకాడికి ఈత నేర్పుతాం రమ్మన్నట్టుంది," అన్నాడు దిలీప్.

"నేర్సుకోడానికి ఎవలు రమ్మన్నారు? స్టవ్ కోసం రండి. నోరు మూసుకుని కూకుంటే సాలు."

నోరు మూసుకుని కూర్చునే క్లాసు కాదని మొదటి ఆదివారమే తెలిసింది. చెప్పే ఆవిడ మేరీ మేడమ్, అనకాపల్లిలో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. వడ్డీ లెక్కలు మొదలుపెడుతుందనుకుంటే, వచ్చిన వాళ్ళందరికీ చిన్నపిల్లల పలకలు పంచి, జంటల్ని వీపుకి వీపు ఆనించి కూర్చోబెట్టింది.

"మీకు అనుకోకుండా కొంచెం డబ్బు చేతికొచ్చిందండి. దేనికి ఖర్చు పెడతారో పలక మీద ఒక పక్క రాయండి. మీ ఇంట్లోవాళ్ళకొస్తే దేనికి పెడతారో రెండో పక్క రాయండి. చూద్దాం, ఎవరికెవరు తెలుసో."

పలకలు తిప్పేసరికి హాలంతా నవ్వులు. దేవిశ్రీకి ఏం కావాలో దిలీప్ "చీర" అని రాశాడు. ఆమె రాసుకున్నది "బెల్లం". దిలీప్‌కి ఏం కావాలో ఆమె "బిర్యానీ" అని రాసింది. అతను రాసుకున్నది "బండి టైరు". ఆ తర్వాత అడిగినవీ అన్నీ అలాగే తప్పాయి. కె.కోటపాడు నుంచి వచ్చిన ముసలి చెరుకు రైతు బంగార్రాజు, అతని భార్య అప్పలనరసమ్మ మాత్రం ఒక్కటీ తప్పలేదు. "ఈ మడిసికి డబ్బులు దొరికితే ముందు పొగాకు, తరవాతే పెళ్ళాం," అని అప్పలనరసమ్మ అంటే, బంగార్రాజు తల వంచుకుని తన పలక చూపించాడు. నిజంగానే పొగాకు అని ఉంది.

ఇంటికి వెళ్ళేటప్పుడు బండి మీద దేవిశ్రీ ఉండబట్టలేకపోయింది.

"నాను సీరల కోసం సచ్చిపోతన్నానని మీకెవలు సెప్పేరు?"

"నాకు బిర్యానీ పిచ్చని నీకెవలు సెప్పేరే?"

కొత్తూరు జంక్షన్ దాటాక దిలీప్ బండి కొంచెం నెమ్మది చేసి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు. "ఆ ముసిలోళ్ళని పోటీలో కొట్టీవచ్చే. ఆళ్ళు నలబై ఏళ్ళు ఒకలినొకలు సదివేరు, మనం ఈ రెండు నెలలు గట్టిగా సదవాలంతే."

ఆ మాటతో దేవిశ్రీ ఒంట్లోకి కొత్త చురుకు వచ్చింది. రోజూ పొద్దుగుంకే వేళకి ఆమె పిండి ముద్దలు పీట మీద నొక్కి గవ్వలు చుడుతుంటే, అతను ఎదురుగా కూర్చుని ప్రశ్నలు వేసేవాడు. ఆమె తిరిగి వేసేది. అన్నీ డబ్బు ప్రశ్నలే. అడుగుతున్న కొద్దీ ఒకే ఇంట్లో ఉంటూ ఎంత తెలియకుండా బతికారో బయటపడసాగింది. కాలేజీ కుర్రాళ్ళు ఫోన్ అద్దాలు వేయించుకుని డబ్బులు తరవాత ఇస్తామంటే దిలీప్ సరేనంటున్నాడని ఆమెకి తెలియదు. విరిగిన చెక్కల్ని కొట్లవాళ్ళు డబ్బివ్వకుండా వెనక్కి పంపేస్తున్నారని అతనికి తెలియదు.

"అవి నువ్వేటి సేస్తన్నావు మరి?" అని అడిగాడు.

"మీకు టీలోకి పెడతన్నాను."

"ఓసినీ! నాను ఇన్నాళ్ళూ నా మీద పేమనుకున్నాను," అన్నాడు. ఇద్దరూ నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నారు.

ఒక్క సంగతి మాత్రం ఇద్దరూ అడగలేదు. అది దేవరాపల్లి రోడ్డులోని స్థలం. రెండేళ్ళ క్రితం ఒక లేఅవుట్ వాళ్ళు ఊళ్ళోవాళ్ళని బస్సెక్కించి తీసుకెళ్ళి, భోజనం పెట్టి, రాళ్ళు పాతిన ప్లాట్లు చూపించారు. చెరుకు తోటల మీదనుంచి వస్తున్న గాలికి దేవిశ్రీ కొంగు సర్దుకుంటూ "గాలి బాగుందండి" అంది. దిలీప్ ఆమె ముఖంలోకి ఒకసారి చూసి, నేరుగా వెళ్ళి అడ్వాన్సు కట్టి వచ్చాడు. సంతకం పెట్టేటప్పుడు అతను నిటారుగా నిలబడ్డ తీరు ఆమె మరిచిపోలేదు. మొగుడికి సొంత స్థలమంటే ప్రాణమని ఆ రోజే అర్థం చేసుకుంది. నెలనెలా వాయిదా కట్టాక బెల్లం కొనడానికి చేతిలో ఏమీ మిగలకపోయినా ఒక్కసారి కూడా పల్లెత్తు మాట అనలేదు. అతని ముచ్చట అది, అడగడమెందుకు?

మూడో వారం క్లాసులో గొడవైంది. లైన్‌మన్ సత్యారావు తమ్ముడికి అప్పిచ్చిన సంగతి పలకల పుణ్యమా అని బయటపడింది. అతని భార్య దుర్గాదేవి లేచి అందరి ముందూ కడిగేసింది. అతను పలక బల్ల మీద పడేసి వెళ్ళిపోయాడు. ఆ జంట మళ్ళీ రాలేదు. దేవిశ్రీ భయపడి, టీ తాగేటప్పుడు మేరీ మేడమ్ దగ్గరికి వెళ్ళింది.

"మేడమ్, ఇలాగైతే కాపరాలు బాగుపడతాయా, సెడతాయా?"

"బాగుపడతాయని నేనెక్కడా చెప్పలేదమ్మా," అంది మేరీ మేడమ్. "వాళ్ళింటికి నేను రేపు వెళ్తాను. కానీ ఆ అప్పు ఇక్కడ పుట్టింది కాదు కదా. ఇన్నాళ్ళూ ఇంట్లోనే ఉంది."

ఆ తర్వాతి ఆదివారం దేవిశ్రీ కొంచెం బెదురుతూనే వచ్చింది. మళ్ళీ వీపుకి వీపు. మేరీ మేడమ్ ఒక్కటే ప్రశ్న అడిగింది.

"మీ ఇంట్లోవాళ్ళు బాధపడరని దేవుడొచ్చి మాటిస్తే, రేపటినుంచి మీరు మానేసే ఖర్చు ఏది?"

బలపం దేవిశ్రీ వేళ్ళ మధ్య ఆగిపోయింది. పోటీకి పనికొచ్చే జవాబులు ఒకటి రెండు ఉన్నాయి. రాస్తే దిలీప్ నొచ్చుకోడు, పలకలూ కలుస్తాయి. కానీ దేవుడొచ్చి మాటిస్తే అంది కదా మేడమ్. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని తెరిచి, గబగబా రాసేసింది. వెనక దిలీప్ వీపు ఒకసారి బిగుసుకుని వదులవడం తెలిసింది.

"తిప్పండి."

మేరీ మేడమ్ ఇద్దరి పలకలూ చూసింది. వాటిని పక్కపక్కన పెట్టి హాలు వైపు తిప్పింది. రెండింటి మీదా "స్థలం" అనే ఉంది.

దేవిశ్రీ గిరుక్కున తిరిగింది. దిలీప్ అప్పటికే తిరిగి ఆమెనే చూస్తున్నాడు, నోరు కొంచెం తెరుచుకుని.

"మరి ఆ స్థలం ఎవరి కోసం కొన్నారు?" అని అడిగింది మేడమ్.

ఇద్దరి వేళ్ళూ ఒకేసారి ఎదుటివాళ్ళ మీదికి లేచాయి.

"నువ్వే కదే, బాగుందన్నావు!"

"గాలి బాగుందన్నాను! స్థలం బాగుందన్నానేటి?"

హాలు ఘొల్లుమంది. బంగార్రాజు నవ్వలేక దగ్గు తెచ్చుకున్నాడు. దేవిశ్రీకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండేళ్ళు మెడ మీద మోసిన బస్తా ఎవరో దించినట్టు ఒళ్ళు తేలికైపోయింది. దిలీప్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఇంతమందిలో చెయ్యి పట్టుకోవడం పెళ్ళిలో తప్ప అతనెప్పుడూ చెయ్యలేదు.

ఆ సాయంత్రం వాళ్ళు నేరుగా ఇంటికి పోలేదు. బస్టాండు దగ్గర బండి ఆపి చెరుకురసం తాగుతూ ఒకరి మాటకొకరు అడ్డొస్తూ మాట్లాడుకున్నారు. తనకి కావలసింది రోడ్డు మీద ఒక గది, అందులో పెద్ద మూకుడు అని ఆమె చెప్పింది. ఫోన్ బోర్డులు బాగుచేసే మంచి మెషీను కొనుక్కోవాలని తనకెంతో కోరికని అతను చెప్పాడు.

"ఇన్నాళ్ళూ సెప్పలేదేటండి?"

"నీ స్థలం అడ్డొచ్చింది కదే."

కట్టిన డబ్బు వెనక్కి ఇచ్చేది లేదన్నారు లేఅవుట్ వాళ్ళు. మేరీ మేడమ్ వాళ్ళ అగ్రిమెంటు తెప్పించుకుని చదివి, వేరేవాళ్ళ పేరుకి మార్చుకునే వీలుందని చెప్పింది. దిలీప్ దగ్గరికి ఫోన్ బాగు చేయించుకోవడానికి వచ్చే ఉదయ్‌కుమార్ అనే మాస్టారు దేవరాపల్లిలో పని చేస్తాడు. అతను స్థలం వెతుకుతున్నాడని తెలిసి దిలీప్, దేవిశ్రీ ఆ భార్యాభర్తల్ని తీసుకెళ్ళి చూపించారు. మాస్టారు బాగుందన్నాడు. ఆయన భార్య అశ్విని తల ఊపింది. దేవిశ్రీకి అది చాలలేదు. అశ్వినిని గట్టు మీదికి పక్కకి తీసుకెళ్ళింది.

"అమ్మా, నిజం సెప్పు. స్థలం నచ్చిందా, గాలి నచ్చిందా?"

"అదేటి అలగడుగుతన్నావు?"

"ఒకసారి మోసపోయినదాన్నిలే. మీ ఆయన కోసం కాదు, నీకు కావాలా?"

అశ్విని నవ్వేసి, వంటిల్లు ఏ మూల వస్తుందో, గుమ్మం ఎటు పెడతారో వేలితో చూపించడం మొదలుపెట్టింది. అప్పుడుగాని దేవిశ్రీ దిలీప్ వైపు తిరిగి తల ఊపలేదు. కట్టినదాంట్లో కొంత పోయింది. పోనిమ్మనుకున్నారు.

ఆఖరి ఆదివారం పోటీలో స్టవ్ బంగార్రాజు, అప్పలనరసమ్మలకే వెళ్ళింది. దిలీప్ చివరిదాకా పట్టు వదల్లేదు, ఒక్క జవాబు తేడాతో ఓడిపోయారు. దేవిశ్రీకి అప్పుడు దాని మీద ధ్యాసే లేదు. బస్టాండు పక్క వీధిలో ఖాళీ అయిన గది తాళాలు ఆమె కొంగున ఉన్నాయి.

గది ముందు ఎవరి పనికి అన్నదాని మీద మూడు రోజులు వాదించుకున్నారు. మెషీను కొంటే పెద్ద రిపేర్ల పని దొరుకుతుందని ఆమె, గవ్వలైతే ఏ రోజు డబ్బు ఆ రోజు కళ్ళపడుతుందని అతను. ఎవరికి వాళ్ళు ఎదుటివాళ్ళ తరఫున దెబ్బలాడుతున్నారని గమనించి మధ్యలో ఆగిపోయారు కూడా.

"ఈసారి మన కోసం మనం మాటాడుకుందాం. నీకేటి కావాలి?" అన్నాడు దిలీప్.

"నాకు మూకుడు కావాలి," అంది దేవిశ్రీ, సిగ్గుపడకుండా.

"నాకు మెషీను కావాలి. కానీ ఆర్నెల్లు ఆగగలను. పెళ్ళిళ్ళు వస్తన్నాయి, నీకు ఆగీ వీల్లేదు."

షాపు తెరిచిన రోజు పొద్దున్నే అనకాపల్లి బస్సు వచ్చేసరికే నూనె కాగింది. మొదటి వాయి గవ్వలు పైకి తేలి, పాకంలో పడి మెరుస్తుంటే బెల్లం వాసన వీధి చివరిదాకా పోయింది. దిలీప్ పొట్లాలు కట్టాడు. కట్టినవాటిలో సగం విడిపోయాయి. మధ్యాహ్నానికి చెక్కలు అయిపోయాయి. గవ్వలు అడుగంటుతుండగా వడ్డాది నుంచి పెళ్ళివారు వచ్చి, సారె పెట్టడానికి పెద్ద ఆర్డరు చెప్పారు. సరుకు ముందు, డబ్బు పెళ్ళయ్యాక అన్నారు. అంత ఆర్డరు దేవిశ్రీ చేతికి ఎప్పుడూ రాలేదు. సరేనన్న మాట నోటి చివరిదాకా వచ్చింది.

"ఒక్క అరగంట ఆగండి బాబూ," అంది వాళ్ళతో. "ఇద్దరం మాటాడుకొని సెప్తాం."

స్టవ్ మంట తగ్గించి, దిలీప్‌ని లోపలికి రమ్మని పిలిచింది. అతను చేతులు తుడుచుకుంటూ వచ్చి బెల్లం దిమ్మ మీద కూర్చున్నాడు. సగం డబ్బు ముందు ఇమ్మని అడుగుదామని ఆమె. అడిగితే పోతారేమోనని అతను. పోతే పోతారని ఆమె. ఇద్దరి గొంతులూ వీధిలోకి వినబడుతున్నాయి. బయట పెళ్ళివారు తినడానికి గవ్వలు తీసుకుని, బల్ల మీద తీరిగ్గా సర్దుకుని కూర్చున్నారు.