పేరు లేని బటన్లు

నేను ఒక వెబ్‌సైట్‌ని. నాకు ఒళ్లు లేదు, బరువు లేదు, తుప్పు పట్టే భాగ్యం కూడా లేదు. పాత సైకిలయితే ఏదో ఒకనాడు మూలన పడేస్తారు, అది హాయిగా గోడకి జారబడి కూర్చుంటుంది. నాబోటి వాళ్లకి ఆ సుఖం రాసిపెట్టి లేదండీ. మూడేళ్లు తిరిగేసరికి ఎవరో ఒకరు వచ్చి "ఇది పాతబడిపోయింది" అంటారు. నిలబెట్టి ఒలిచి, కొత్త తోలు తొడిగి, మళ్లీ జనంలోకి తోస్తారు. పుట్టుతోలుతో కలిపి ఇప్పటికి అయిదు తోళ్లయ్యాయి. అలిసిపోయాను.

నా యజమాని కాకినాడలో ఒక శ్రవణ గ్రంథాలయం. చూపు లేనివాళ్ల కోసం పుస్తకాలు పైకి చదివి, రికార్డు చేసి ఉంచే చోటు. గోడలకి పాత బొంతలు కొట్టిన ఒక గది ఉంది. రిటైరయిన మేష్టర్లు, ఇంటి పని తెముల్చుకుని వచ్చిన ఇల్లాళ్లు ఆ గదిలో కూర్చుని చదువుతారు. చప్పుడు పడుతుందని ఫ్యాను ఆపేసుకుని, చెమటలు కక్కుతూ చదువుతారు. ఆ గొంతులన్నీ నా దగ్గరే ఉంటాయి. అంటే నన్ను వాడుకునేవాళ్లలో నూటికి తొంభై మంది నన్ను చూడలేరన్న మాట. ఈ సంగతి మీరు కాస్త గుర్తుంచుకోండి, ఎందుకంటే నన్ను ముస్తాబు చేసినవాళ్లెవరూ గుర్తుంచుకోలేదు.

పన్నెండేళ్ల కిందట నన్ను పుట్టించినాయన సత్యలింగం మాస్టారు. అంతకుముందు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవారు. ఆయనకి అందచందాలేం తెలీవు, తెలిసిందల్లా అక్షరాలు. తెల్ల కాగితం లాంటి పేజీ, దాని మీద ఒక జాబితా. పుస్తకం పేరు, చదివినవారి పేరు, పక్కన 'వినండి' అన్న మాట. అంతే నేను. చూసినవాళ్లు "ఇదేంటండీ, రేషన్ జాబితాలా ఉంది" అని నవ్వేవారు. మాస్టారు కూడా నవ్వేసి ఊరుకునేవారు.

ఆ జాబితాని ప్రాణంలా చూసుకున్న మనిషి ఒకావిడ ఉన్నారు. పేరు మంగతాయారు. పుట్టుకతోనే చూపు లేదు. పెద్దాసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటరు. అన్నా వదినల ఇంట్లో ఉంటారు. నేను పుట్టకముందు ఆవిడకి పుస్తకం కావాలంటే గ్రంథాలయానికి వచ్చి గుమాస్తాని అడగాలి. ఆ గుమాస్తా గొంతు మహా గట్టిది. "మంగతాయారుగారికి ఫలానా ప్రేమకథ రెండో భాగమంటండీ, ఏ అరలో ఉంది?" అని లోపలి గది దాకా వినపడేలా కేకేసేవాడు. హాల్లో కూర్చున్న నలుగురూ గొంతు సవరించుకునేవారు. ఆవిడ సీడీ తీసుకుని గబగబా బయటపడేవారు.

నేను వచ్చాక ఆ కేక ఆగిపోయింది. ఆవిడ ఫోన్లో ఒక గొంతు ఉంటుంది. తెర మీద వేలు జరిపితే ఒక్కొక్క మాటా చదివి చెబుతుంది, కావలసింది రాగానే రెండుసార్లు తడితే చాలు. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, తనకేం కావాలో తనే వెతుక్కుని, ఎవరికీ చెప్పకుండా వినడం ఆవిడకి జీవితంలో అదే మొదలు. అందరూ పుస్తకాన్ని అట్ట లోపల దాచుకునో, దుప్పట్లో దూరో చదువుకుంటారు కదా. ఆవిడకి ఆ చాటు ముప్పై అయిదో ఏట దొరికింది, అదీ నా వల్ల. ఇప్పటికీ తలుచుకుంటే నాకు గర్వంగానే ఉంటుంది.

మాస్టారు పోయాక జోగారావుగారు కార్యదర్శి అయ్యారు. మంచివారే. గ్రంథాలయం కోసం కాళ్లరిగేలా తిరుగుతారు. కాకపోతే ఎవరింటికి వెళ్లినా కొత్త ఫ్యాషన్ ఏం వచ్చిందో చూసి వస్తారు, అదే నా కొంప ముంచింది.

మొదట ఆయన మేనల్లుడొచ్చి నా నెత్తి మీద ఫొటోలు పెట్టాడు. అయిదు క్షణాలకొకటి మారిపోతుంది. దాతల ఫొటో, శంకుస్థాపన ఫొటో, మళ్లీ దాతల ఫొటో. అది మారినప్పుడల్లా తాయారుగారి ఫోను చదువుతున్న చోటు వదిలేసి మళ్లీ మొదటికొచ్చేది. ఆవిడ విసుక్కోలేదు. ఫొటో మారేలోపు గబుక్కున దాటేయడం నేర్చుకున్నారు.

ఆ తరవాత లోకంలో అక్షరాలకి గడ్డుకాలం వచ్చింది. మాటలు మోటు, బొమ్మలే నాజూకు అన్నారు. 'వెతకండి' పోయి భూతద్దం బొమ్మ, 'వినండి' పోయి మూడు మూలల బొమ్మ, మిగతాదంతా కలిపి మూడు అడ్డగీతలు. బొమ్మ వెనకాల దాని పేరు కూడా రాసిపెడితే ఫోన్లో గొంతు చదువుకుంటుంది. కంటికి కనపడనిది రాయడం దేనికని ఎవరూ రాయలేదు. తాయారుగారు వేలు జరిపితే ఫోను "పేరు లేని బటన్" అంది. ఇంకోసారి జరిపితే మళ్లీ "పేరు లేని బటన్." ఏం చేస్తారు పాపం! నాలుగోది నొక్కితే వెతకడం, ఏడోది నొక్కితే వినడం అని కంఠతా పట్టారు. చూపు లేని సభ్యులందరూ ఒకరికొకరు ఫోన్లు చేసుకుని ఈ అంకెలు చెప్పుకున్నారు.

నాలుగో తోలు తొడిగినవాళ్లకి ఖాళీ మీద మోజు. పేజీ నిండా ఖాళీ, దాని మధ్యలో బూడిద రంగు అక్షరాలు, చీమకాళ్లంత సన్నం. ఆ పైన అంతులేని జాబితా. కిందికి వెళ్లినకొద్దీ కొత్త పుస్తకాలు పుట్టుకొస్తాయి. అడుగున గ్రంథాలయం ఫోన్ నెంబరుంది గాని దాన్ని చేరినవాడు లేడు. బటన్ల వరస కూడా రోజుకో రకం. కంఠతా పట్టిన అంకెలు గంగలో కలిశాయి. ఆ ఏడాదే నాకు అందాల పోటీలో మొదటి బహుమతి వచ్చింది. న్యాయనిర్ణేతలు ముగ్గురూ కళ్లద్దాలు తుడుచుకుని మరీ చూశారట. షీల్డు తెచ్చి బీరువాలో పెట్టారు. సభ్యులు ఒక్కొక్కరూ తడిమి చూసి, బరువుగానే ఉందన్నారు.

దాంతో తాయారుగారు ఓడిపోయారు. పుస్తకం కావాలంటే వదినని పిలవాల్సిందే. వదిన మంచిదే, చేతిలో పని పక్కన పెట్టి వచ్చేది. కాని పేరు చూడగానే, "ఏంటి తాయారూ, నలభై దాటాయి, ఇప్పుడీ ప్రేమకథలేంటి? ఎవరైనా వింటే నవ్విపోతారు. ఉండు, మంచి ప్రవచనం పెడతాను" అని తనకి తోచింది పెట్టి వెళ్లిపోయేది. తాయారుగారు కాదనలేక ప్రవచనాలు విన్నారు. ఒక నెల కాదు, రెండు నెలలు కాదు, దాదాపు మూడేళ్లు. ప్రవచనాల మీద ఆవిడకి కోపమేం లేదు. తను అడిగినది కాదు, అంతే. చివరికి పుస్తకం అడగడమే మానేశారు. ఆవిడ వేలు నా మీద పడక నెలలు గడిచాయి. నాకు ఎంత దిగులుగా ఉండేదో మీకు చెప్పినా అర్థం కాదు.

ఇంతలో అయిదో తోలు. ఈసారి హైదరాబాదు నించి ఝాన్సీ అనే అమ్మాయి చేసింది. చురుకైన పిల్ల, పని మీద ప్రేమ ఉన్న పిల్ల. నన్ను నల్లగా చేసింది. అద్దాల్లా మెరిసే గళ్లు, గుండ్రటి మూలలు, వెనకాల గలగలా చప్పుడు చేసే గోదావరి వీడియో, పక్కన ఒక మాటల బొమ్మ. పేజీ తెరవగానే అది ఎగిరొచ్చి, "హాయ్! నేను మీకెలా సాయపడగలను?" అంటుంది. ఇప్పుడు లోకమంతా ఇదే నడుస్తోందట. నేను కాదనడానికెవర్ని!

ప్రారంభోత్సవం గ్రంథాలయం హాల్లోనే, పొద్దున్న పదకొండింటికి పెట్టారు. చూపు లేని సభ్యురాలి చేత ప్రారంభింపజేస్తే బాగుంటుందని జోగారావుగారు తాయారుగారిని వేదిక ఎక్కించారు. వదిన మొదటి వరసలో కూర్చుంది. "కంగారు పడకండి తాయారుగారూ, వేలు నేను పట్టుకుంటాను కదా!" అంటూ జోగారావుగారు ఆవిడ వేలు పట్టుకుని లాప్‌టాప్ మీద నొక్కించారు. తెర మీద గోదావరి పారింది. చప్పట్లు మోగాయి.

చప్పట్లు ఆగాక ఆవిడ నెమ్మదిగా అన్నారు: "ఇప్పుడు నా అంతట నేను నొక్కుకుంటానండీ. నా ఫోన్లో. నాకో పుస్తకం కావాలి."

"అయ్యో, దానికేం భాగ్యం!" అని జోగారావుగారు ఉత్సాహంగా మైకు తెచ్చి ఫోను ముందు పెట్టారు.

ఆవిడ వేలు జరిపారు. హాలంతా వినపడేలా ఫోను పలికింది. "పేరు లేని బటన్." ఇంకోసారి జరిపారు. "పేరు లేని బటన్. చిత్రం, ఎనిమిది వేల రెండొందల పదకొండు. పేరు లేని బటన్. హాయ్! నేను మీకెలా సాయపడగలను?"

వెనక వరసల్లోంచి ఒకాయన కేకేశారు: "పుస్తకం ఇప్పించవే తల్లీ, అదే పదివేలు!"

చూపు లేనివాళ్లందరూ పకపకా నవ్వారు. చూపున్నవాళ్లకి ఏం జరిగిందో అర్థం కాక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "చిన్న సాంకేతిక లోపం" అన్నారు జోగారావుగారు.

"లోపం కాదండీ, ఎన్నేళ్లుగానో ఇంతే" అన్నారు తాయారుగారు. "నాకు చీర రంగు ఒకరు చెబుతారు, రోడ్డు ఒకరు దాటిస్తారు. దానికి నేనేం అనుకోను. చదువుకోవడం ఒక్కటే నా సొంతం అనుకున్నాను. అదీ ఒకర్ని అడిగి, వాళ్లు ఒప్పుకుంటేనే చదవాలంటే... నాకు ఏడుపొస్తోందండీ."

మొదటి వరసలో వదిన తల దించుకుంది.

ఝాన్సీ వేదిక ఎక్కింది. "అమ్మా, ఇన్ని నెలలు చేశాను. ఒక్కసారి కూడా కళ్లు మూసుకుని చూసుకోలేదండీ. నా పక్కన కూర్చుంటారా?"

ఇద్దరూ బొంతల గదిలోకి వెళ్లారు. సభ మధ్యలో ఆపడం ఇష్టం లేక జోగారావుగారు దాతలకి సన్మానాలు మొదలుపెట్టారు. బయట శాలువాలు కప్పుతున్నారు, లోపల నాకు పేర్లు పెడుతున్నారు. ఝాన్సీ తన ఫోను తెర ఆర్పేసుకుని, చెవితోనే వింటూ కూర్చుంది.

"ఇదేంటమ్మా?" అని తాయారుగారు అడిగారు.

"వెతకడానికండీ."

"అయితే 'వెతకండి' అనే రాసెయ్యి. మరి ఇదో?"

"అది... ఊరికే గుండ్రంగా తిరుగుతుందండీ. అందానికి."

"తిరగనీ. నా చెవిలో పడకుండా తిప్పుకో, నాకేం అభ్యంతరం లేదు. ఆ హాయ్ పిల్లని మాత్రం పిలిచినప్పుడే రమ్మను."

గోదావరి నోరు మూయించారు. అంతులేని జాబితాకి ఒక అంతు పెట్టారు. భోజనాలు వడ్డించేసరికి పనయిపోయింది. చూశారా, ఇన్నేళ్ల నరకం మూడు గంటల పని! పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కరంటే ఒక్కరు అడిగి ఉంటే ఎప్పుడో తీరిపోయేది. కోపం తెచ్చుకునే ఓపిక కూడా నాకు లేకపోయింది. మళ్లీ మూడేళ్లకి ఎవరో ఒకరు రానే వస్తారు, అప్పటి ఫ్యాషన్ ఏమిటో, నా గతేమిటో.

భోజనాలయ్యాక మళ్లీ సభ. తాయారుగారు వేదిక మీద నించుని వేలు జరిపారు. మైకు ముందు ఫోను "వెతకండి" అంది, హాలంతా ఒక్కసారి నిట్టూర్చింది. అక్కడితో ఆవిడ మైకు పక్కకి తోసి, ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకున్నారు. వేలు తడబడకుండా జరిగింది. వెతుక్కున్నారు, ఎంచుకున్నారు, రెండుసార్లు తట్టారు. మొహం మీదికి నవ్వొచ్చింది.

జోగారావుగారు ఆనందం పట్టలేక మైకు అందుకున్నారు. "మన తాయారుగారు ఈ కొత్త సైటులో తన చేత్తో తాను ఎంచుకున్న మొట్టమొదటి పుస్తకం ఏమిటో ఇప్పుడు సభవారికి వారే చెబుతారు!"

జనం చెవులు రిక్కించారు. వదిన కుర్చీలో ముందుకి వంగింది. తాయారుగారు ఒక చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి, "చెప్పనండీ" అన్నారు. మళ్లీ పెట్టేసుకుని, తడుముకుంటూ కుర్చీలో కూర్చున్నారు.

అదేం పుస్తకమో నాకొక్కదానికే తెలుసు. మీకూ చెప్పను.