ఆరో సీసా

"ఆ లాబు సీసాలు కూడా సబ్బు పెట్టి తోమేసుంటావులే," అన్నాడు మొగుడు, తిన్న కంచం సింకులో పడేస్తూ. "చేతికేది దొరికినా తోమడమేగా నీ పని."

ఆమె నీటి పరీక్షల లాబులో సహాయకురాలు. ఊరికి తాగునీరిచ్చే చెరువు పచ్చగా నాచెక్కి చిక్కటి గంజిలా తయారైంది. పొలాల ఎరువూ, కాలవల మురుగూ కలిసి నీళ్ళకి బలుపెక్కితే అంతే, మనిషికెక్కినట్టే. ఆమె తెచ్చిన అయిదు సీసాల్లోనూ ఫాస్ఫేటు హద్దుకి ఆరింతలు తేలింది. ఆ మాట బయటికెళితే కుళాయిలు కట్టెయ్యాలి. గిన్నెలు తోమే సబ్బులోనూ ఫాస్ఫేటే ఉంటుంది కాబట్టి నమూనా సీసాలకి అది తగలకూడదు. పై అధికారికి తప్పించుకునే దారి దొరికింది.

"సబ్బుతో కడిగానని ఒక ముక్క రాసిచ్చెయ్యమ్మా. ఆడవాళ్ళు, ఇంటి అలవాటు. ఎవరూ ఏమీ అనుకోరు."

లేదనే చెప్పింది మొదట. "పరధ్యానం మనిషివి, ఒప్పుకుంటే నీ నోటి ముత్యాలేం రాలవు," అంది అత్తగారు. మర్నాడు బస్సులో కూర్చుంటే నిజంగానే కళ్ళముందు కనిపించింది: వేళ్ళ మీద నురగ, సీసా మెడ. ఏ సీసా? నూనెదా, పిల్ల బడికి పట్టుకెళ్ళేదా? పదిహేడేళ్ళుగా చేతుల మీద నురగ ఆరిందెప్పుడు? అందులో ఏ నురగ ఏ రోజుదో ఎవడు చెప్పొచ్చాడు? కడిగానేమో. ఇంతమంది అంటున్నారంటే కడిగే ఉంటాను.

లాబులో బల్ల మీద తెల్లకాగితం సిద్ధంగా ఉంది. కలం తీసింది. అప్పుడు కనబడింది, నమూనాల పెట్టెలో మూలన ఆరో సీసా. ప్రతిసారీ ఒక సీసాలో శుద్ధమైన నీళ్ళు పోసి, మిగతావాటితోనే చెరువు దాకా తిప్పి తెస్తారు. అన్నీ ఒకే చేత్తో, ఒకే తొట్లో కడిగినవి. సీసాల్లో దోషముంటే ఇందులోనూ తేలాలి. హడావుడిలో దీన్ని ఎవరూ ముట్టుకోలేదు.

"ఇప్పుడదెందుకమ్మా?" అన్నాడు అధికారి. వినిపించుకోకుండా మందు కలిపింది. ఫాస్ఫేటుంటే నీలం తిరుగుతుంది. మొన్న చెరువు నీళ్ళు సిరాలా తిరిగాయి. పది నిమిషాలు చూసింది. గాజు వెనక కాగితం పెట్టి ఇంకో పది. ఈ సీసాలో ఎలా ఉన్న నీళ్ళు అలానే ఉన్నాయి.

సంతోషం రాలేదు. బుర్ర ఇంకా తిరిగిపోయింది. సబ్బుతో కడగనేలేదు! మరి ఆ నురగ అంత ఇదిగా ఎలా గుర్తొచ్చింది? అయితే ఆడబిడ్డ పెళ్ళిలో పోయిన గొలుసు? తాళం వెయ్యలేదని ఏడాదంతా పడిన తిట్లు? "అవును, నేనే" అని తలొంచుకున్న తప్పుల్లో తనవెన్ని, ఎవరివెన్ని?

కాగితం మీద రాసింది: సీసాలు శుభ్రం. చెడింది చెరువు. కింద సంతకం పెట్టి అధికారి ముందుకి తోసింది.

ఫోను మోగింది. మొగుడు. "ఒప్పేసుకున్నావా?"

"లేదు," అంది. "ఇదివరకు ఒప్పుకున్నవి కూడా మళ్ళీ పరీక్ష చెయ్యాలి."