పేరడిగిన కారు

ఆశ్వయుజమాసారంభమున ననవరతవర్షధారాపరిషిక్తములై పత్తిచేలు మోకాలిలోఁతు నీట మునిఁగియుండఁగా నస్తాద్రిశిఖరమును జేరిన సూర్యుఁడు మేఘావరణమును భేదింపఁజాలక యొక్క మసకవెలుఁగును మాత్రము నేలపై విడిచి దిగిపోవుచుండెను. పల్నాటిసీమలో నొక పల్లెకును దాని యావలి సంతపేటకును నడుమఁ బ్రవహించు నల్లవాగు గట్ల నొరసికొనుచు నెఱ్ఱనినీటితో ఘోషించుచుండెను.

ఆ సమయమున శేషారత్న మను నుపాధ్యాయిని తన క్రొత్తకారును స్వయముగా నడపుకొనుచు బడినుండి యింటికి మరలుచు వాగు పొంగుఁ జూచి దానిపై నున్న చప్టాయొద్దఁ బల్లెవైపున నాఁగెను. ఆమె భర్త యావలియొడ్డున నెరువులకొట్టు నడపుచుఁ బ్రతిదినము దీపములు పెట్టువేళకు స్కూటరుపై నా చప్టా దాఁటి యింటికి వచ్చుచుండును. చీలమండలోఁతు నీరు దానిపైఁ బాఱుట యేటేటను గలదే గనుక నాతఁడు దానిని లక్ష్యపెట్టఁడు. అయితే నేఁడు కారుదీపముల వెలుఁగున నామె చూచుచుండఁగనే కొట్టుకొనివచ్చిన తుమ్మమొద్దొకటి చప్టాకుఁ దగిలి నిలువవలసినచోట నిలువక నట్టనడుమనుండి సాఫీగా నావలికి దాఁటిపోయెను. చప్టా నడిమిభాగము తెగిపోయిన దనియుఁ బైనీరు దానిని గప్పియున్న దనియు నామెకు బోధపడెను.

ఆమె చేతిఫోను ఉదయముననే బండపైఁ బడి ముఖము పగిలి చీఁకటియై యుండెను. అయినను దానికిని గారునకును గల యదృశ్యబంధము తెగలేదు. నడపుచక్రముపై నున్న మీట నొక్కి పేరు చెప్పినచో నా కారే ఫోను కలుపును. కాని పేరు చెప్పవలయును. చిక్కెల్ల నచటనే యున్నది.

ఏలయన శేషారత్నము కాపురమునకు వచ్చిననాఁటినుండి భర్తపేరు పలికి యెఱుఁగదు. పలికినచో నతని యాయువు తఱుగు నని యత్తగారు చెప్పఁగా నమ్మి, పిల్లలకు భౌతికశాస్త్రము బోధించుచున్నను నా యొక్క విషయమున మాత్రము ప్రయోగము చేయ సాహసింపలేదు. గృహప్రవేశమునాఁడు గడపయొద్ద నాడుబిడ్డలు పేరు చెప్పించుకొను వేడుకలోనే కన్నీరు పెట్టుకొని తప్పించుకొన్నది. జనాభాలెక్కలవారు వచ్చినపుడెల్ల బొరుగింటామెను గేకవేసెడిది. నవ్వువారు నవ్వవచ్చును. నాకు మాత్రము నవ్వు రాదు.

ఆమె మీట నొక్కెను.

“ఆయనకి ఫోన్ చెయ్యమ్మా.”

“ఆయన అనే పేరు కనబడలేదు” అని కారు మృదుమధురస్వరమునఁ బలికెను.

“మా వారమ్మా! మా ఇంటాయన!”

“క్షమించండి. దయచేసి పేరు చెప్పండి.”

ఇట్టి మర్యాద శత్రువునకైనను వలదు. అంతట నామెకుఁ గొట్టులోని గుమాస్తా సాంబయ్య జ్ఞప్తికి వచ్చెను. అతని పేరు చెప్పఁగనే కారు క్షణములోఁ గలిపెను.

“అయ్యగారా? ఇప్పుడే బండి తీశారమ్మా. వాన తగ్గిందాకా ఆగమంటే ఆగలా” అని సాంబయ్య చెప్పెను.

కొట్టునకును వాగునకును దూరము స్వల్పము. సాంబయ్య పరుగెత్తినను స్కూటరు నందుకొనఁజాలఁడు. పేరు పలికిన నాయువు తఱుగును. పలుకకున్నచోఁ దఱుగుటకైన నాయువు మిగులదు. శేషారత్నము మంగళసూత్రములను గన్నుల కద్దుకొని మీట నొక్కి “పానకాలరావు” అని గొణిగెను.

“మరొక్కసారి గట్టిగా చెప్పండి” అని కారు కోరెను.

“పానకాలరావు!”

“పానకాలరావు గారికి కలుపుతున్నాను.”

అప్పటికే యావలిదరిని స్కూటరుదీపము మిణుకుమిణుకుమనుచు వచ్చి నిలిచెను. కారు నలుమూలల బిగించిన గొట్టములనుండి వానహోరుతోఁ గలసి భర్తకంఠము వినవచ్చెను.

“నీ లైట్లు కనపడతన్నయ్‌లే. వచ్చేస్తన్నా, పెట్టెయ్.”

“దిగమాకండి! చప్టా తెగింది!”

“ఏందీ? ఏం వినపడట్లా. దాటినాక మాట్లాడతా.”

ఫోను తెగకమునుపే దీపము నీటిలోనికి దిగి ముందునకు సాగెను. చెప్పఁదగిన మాట లన్నియు హోరులోఁ గలసిపోవఁగా శేషారత్నమున కిఁక నొక్క మాటయే మిగిలెను. ఈమాఱు కారుతోఁ గాదు, అతనితోనే ప్రాణములు బిగఁబట్టి కేకవేసెను.

“పానకాలరావుగారూ! ఆగండి!”

దీపము నిలిచిపోయెను. ఎంత హోరులోనైనను దన పేరును మనుజుని చెవి విడువదు గదా. అందును జన్మలో నెన్నఁడును దన్నుఁ బేరుపెట్టి పిలువని కంఠమున వినఁబడినచో నడుగు ముందునకు సాగునా?

“ఎవరది?” అని యతఁ డడిగెను.

“నేనేనండీ. నడుమ తెగిపోయింది. ఎనక్కి పోండి.”

దీపము మెల్లమెల్లగా వెనుకకు జరిగి గట్టెక్కెను. శేషారత్నము దేవునికి లెంపలు వేసికొని వెక్కి వెక్కి యేడ్చెను. భర్త మరలఁ బలికెను.

“ఇందాక పిలిచింది నువ్వేనా?”

“తప్పైపోయింది.”

“ఇంకోసారి పిలువు.”

నామోచ్చారణమున నాయువు తఱుగునో పెరుగునో పెద్దలు విచారించి తేల్చుదురు గాక. శేషారత్నము చీరచెఱఁగుతో ముఖము తుడుచుకొని యావలిదరి వెలుఁగును జూచుచు నతని పేరును మెల్లగాఁ బలికెను.

“ఆఁ, ఉన్నా” అని చీఁకటినుండి బదులు వచ్చెను.